సీఎంఏ డేటా సాఫ్ట్‌వేర్: లెక్క తప్పదు కానీ, షేర్లు ఏ పద్దులో?

వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారానికి కావలసిన సొమ్ము) రుణాల కోసం బ్యాంకుకు నిర్ణీత ఫారాల్లో సమర్పించే ఆర్థిక లెక్కలను, అంటే సీఎంఏ (క్రెడిట్ మానిటరింగ్ అరేంజ్‌మెంట్) డేటాను, మా ఆఫీసులో కొంతకాలంగా ఒక సాఫ్ట్‌వేర్ సాయంతో తయారు చేస్తున్నాము. ట్యాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని ట్రయల్ బ్యాలెన్స్‌ను (ఖాతాలన్నిటి నిల్వల పట్టికను) తీసుకొని ఫారాలన్నీ నింపడంలో దానికి వంక పెట్టలేము. చిక్కల్లా కంపెనీ ఇతర కంపెనీల షేర్లలో పెట్టిన పెట్టుబడుల దగ్గరే వస్తోంది.

పన్నెండు నెలల్లోపు సొమ్ము చేసుకోగలమని ఆశించే షేర్లను కంపెనీల చట్టం, 2013లోని షెడ్యూల్ 3 ప్రకారం కరెంట్ ఇన్వెస్ట్‌మెంట్లుగా చూపుతారు. ఈ సాఫ్ట్‌వేర్ ఆ శీర్షికను నమ్మి, మొత్తాన్ని బ్యాలెన్స్ షీటును విశ్లేషించే ఫారం 3లోని కరెంట్ ఆస్తుల్లో వేసేస్తుంది. ఆ ఫారంలో కరెంట్ ఆస్తుల కింద పెట్టుబడులకు ఉన్న పద్దులేమో ప్రభుత్వ, ట్రస్టీ సెక్యూరిటీలకు ఒకటి, బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్లకు ఒకటి. షేర్ల వ్యాపారమే చేసే కంపెనీ అయితే తప్ప, సరుకు కొనుగోలుకూ బాకీల వసూలుకూ సంబంధం లేని ఈ సొమ్మును బ్యాంకు అధికారి సాధారణంగా నాన్ కరెంట్ ఆస్తుల్లోకి మార్చేస్తారు.

ఉదాహరణకు కరెంట్ ఆస్తులు 120 లక్షలు, కరెంట్ లయబిలిటీలు (ఏడాదిలోపు తీర్చాల్సిన బాకీలు) 90 లక్షలు ఉంటే, మొదటిదాన్ని రెండోదానితో భాగించగా కరెంట్ రేషియో 1.33 వస్తుంది; వర్కింగ్ క్యాపిటల్ రుణాలపై రిజర్వ్ బ్యాంకు వేసిన టాండన్ కమిటీ చెప్పిన రెండో పద్ధతి ఆశించేది సరిగ్గా అంతే. ఆ 120లో 25 లక్షలు షేర్లవే అయితే, వాటిని తీసేయగానే రేషియో 1.06కు పడిపోతుంది. తెర మీద పచ్చరంగులో కనిపించిన ఫైలు బ్యాంకు నుంచి ప్రశ్నలతో తిరిగి రావడానికి ఈ ఒక్క పద్దు చాలు.

గ్రూపు కంపెనీల షేర్ల విషయంలో మాత్రం సాఫ్ట్‌వేర్ మెచ్చదగినదే. వాటికి విడిగా పద్దు పెట్టి, చాలా బ్యాంకులు చేసినట్టే కంపెనీ నికర విలువ (నెట్ వర్త్) నుంచి తీసివేసి చూపుతుంది. డివిడెండ్‌నూ, షేర్ల అమ్మకంపై లాభాన్నీ ఆదాయవ్యయాలు చూపే ఫారం 2లో నిర్వహణేతర ఆదాయంగా వేరుచేస్తుంది. చేత్తో ఎక్సెల్‌లో చేసేవారు తరచుగా మరచిపోయేది ఇదే.

వర్గీకరణను మనం మార్చుకునే వీలు ఉంది కానీ, అది సెట్టింగుల్లో ఎక్కడో లోపల దాగి ఉంది. పైగా మరుసటి సంవత్సరపు డేటా ఎక్కించగానే ఆ మార్పు చెరిగిపోతుంది. షేర్ల పెట్టుబడులు లేని చిన్న వ్యాపారాల ఫైళ్లకు దీన్ని నిశ్చింతగా వాడవచ్చు. ఉన్నవారు మాత్రం రుణ పరిమితిని లెక్కగట్టే ఫారం 5 ముద్రించేముందు ఫారం 3ను ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీటు నోట్లతో పక్కపక్కనే పెట్టి చూసుకోవాలి. మార్పుకు కారణం రాసే చోటు సాఫ్ట్‌వేర్‌లో లేదు కాబట్టి, ఆ వివరణను మేము వేరే కాగితంపై రాసి జతచేస్తున్నాము.