సర్వీస్ డాగ్‌గా తయారుచేసిస్తామనే కుక్కల హాస్టళ్ళతో జాగ్రత్త (వైజాగ్)

వైజాగ్‌లో ఇంట్లో వికలాంగులకి పనుల్లో సాయం చేసేందుకు కుక్కని (సర్వీస్ డాగ్) పెంచుతున్నవాళ్ళకి, అందులోనూ దాని వయసు ఆరు నెలలకీ ఏడాదిన్నరకీ మధ్య ఉంటే, ఈ మాట. "మా దగ్గర వదిలేయండి, మొండితనం వదిలించి సర్టిఫికెట్‌తో సహా అప్పజెబుతాం" అనేవాళ్ళకి దయచేసి అడ్వాన్స్ కట్టకండి. సిటీ శివార్లలో అలాంటి ఒక చోట మేం కట్టాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు.

మా తమ్ముడు వీల్‌చెయిర్‌లో ఉంటాడు. మా లాబ్రడార్ వాడి ఫోన్ కింద పడితే తీసి ఒళ్ళో పెట్టేది. ఫ్రిజ్ హ్యాండిల్‌కి కట్టిన తువ్వాలు లాగి తలుపు తీసేది. తొమ్మిదో నెల దాటాక మారిపోయింది. ఎంవీపీ రైతుబజార్ దగ్గర కూర్చోమంటే వినిపించనట్టు మొహం తిప్పుకునేది, బీచ్ రోడ్డులో కాకి కనబడితే చాలు ఒకటే లాగుడు.

హాస్టల్‌కి తీసుకెళ్తే అక్కడి ట్రైనర్ ఒక్క మాట అనగానే బుద్ధిగా కూర్చుంది. "చూశారా, లోపం మీలోనే" అన్నాడు. ఇక్కడే అందరూ పడిపోతారు. 2020లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ యూనివర్సిటీ వాళ్ళు గైడ్ డాగ్ (చూపులేనివాళ్ళకి దారి చూపే కుక్క) పిల్లల మీద చేసిన పరిశోధన ఒకటి ఉంది. ఐదో నెలతో పోలిస్తే ఎనిమిదో నెలలో అవి పెంచినవాళ్ళ మాట వినడం తగ్గింది, కొత్తవాళ్ళ మాట మాత్రం విన్నాయి. అది ఆ వయసు లక్షణం, దానంతటదే తగ్గుతుంది. ట్రైనర్ గొప్పతనమూ కాదు, మన చేతగానితనమూ కాదు. డెమో చూసి డబ్బు కట్టకండి.

ఆ తర్వాత చూడటానికి రానివ్వలేదు. మీరు కనిపిస్తే నేర్పిందంతా పోతుందన్నారు. వాట్సాప్‌లో చిన్న చిన్న వీడియోలు పంపేవారు. ఇంటికొచ్చాక మెడ మీద బొచ్చు పాయ తీసి చూస్తే పక్కపక్కనే రెండు పుళ్ళు, ఒక్కోటి కందిబద్దంత. షాక్ కాలర్ (కరెంటు షాక్ ఇచ్చే మెడపట్టీ) మొనలు రోజుల తరబడి ఒత్తుకుని పడ్డవని వెట్ చెప్పారు. ఆ కాలర్లలో కరెంటు తగిలే ముందు బీప్ మోగే రకాలున్నాయి. మా ఫ్రిజ్ తలుపు కాసేపు తెరిచి ఉంచితే బీప్ మంటుంది. అది వినగానే ఉన్నచోటే మూత్రం పోసుకుని మంచం కిందకి దూరిపోతోంది. తమ్ముడికి అది చేసిపెట్టే పెద్ద పనే ఫ్రిజ్ తియ్యడం.

బంగారు రంగు సీలుతో సర్టిఫికెట్ ఇచ్చారు, అది చిత్తుకాగితం. మన దేశంలో సర్వీస్ డాగ్‌లకి ప్రభుత్వ రిజిస్ట్రేషనంటూ ఏదీ లేదు.

ఎవరికైనా అప్పగించే ముందు క్లాసు జరుగుతుండగా చూడనిమ్మనండి. కుక్క మాట వినకపోతే ఏం చేస్తారో అడగండి. షాక్ కాలర్, ముళ్ళ కాలర్ వాడబోమని రశీదు మీదే రాయించుకోండి. నీళ్ళు నమిలితే కుక్కని తీసుకుని వచ్చేయండి. ఇంటికొచ్చి మీ ముందే ట్రీట్స్‌తో నేర్పేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. ఇప్పుడు మాకు ఒకరు వస్తున్నారు. ఫ్రిజ్ బీప్‌ని ఫోన్‌లో రికార్డు చేసి, వినీ వినిపించనంత సన్నగా పెట్టి, మోగిన ప్రతిసారీ ఉడికించిన చికెన్ ముక్క పెడుతున్నాం. ఫోన్ అందివ్వడం మళ్ళీ మొదలుపెట్టింది. ఫ్రిజ్ దగ్గరకి ఇంకా రావడం లేదు.

మీకూ ఇలా జరిగి ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. కుక్కని హింసించడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం, పోలీసులకీ చెప్పొచ్చు. వెట్ రాసిచ్చిన చీటీ, వాట్సాప్ మెసేజ్‌లు, రశీదు దాచుకోండి. మెడ ఫొటోలు మాత్రం ఇంటికి తెచ్చిన రోజే తీయండి, పుండు మాని బొచ్చు వచ్చేస్తే చూపించడానికి ఏమీ మిగలదు.