రెండు చలికాలాలు వాడాక: అడుగున నీళ్ల తొట్టి ఉండే కుండీ

కొని 22 నెలలైంది. కొత్తలో ఎవరడిగినా తీసుకోమనే చెప్పాను. మే నెలలో వారం రోజులు అనంతపురం వెళ్లొచ్చినా అందులో పుదీనా వాడిపోలేదు మరి. ఇప్పుడు ఆ మాట కొంచెం సరిదిద్దుకోవాలి, ముఖ్యంగా తులసి పెంచేవాళ్ల కోసం.

మాది బెంగళూరులో ఉత్తరం వైపు బాల్కనీ. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి జరిగిపోతాడు, మాకు నేరుగా ఎండ పడదు. రాత్రిళ్లు 15, 16 డిగ్రీలకి దిగుతుంది. మనకది పెద్ద చలి కాకపోయినా తులసి ఎదుగుదల మందగిస్తుంది.

మొదటి ఏడాది డిసెంబరులో ఆకులు పసుపెక్కాయి. నీళ్లు చాలట్లేదేమో అని తొట్టి నిండా పోశాను. నాలుగు రోజులకి కాండం మొదట్లో నల్లబడింది. మొక్కని బయటికి తీస్తే ముక్కుపుటాలదిరే కుళ్లు వాసన. వేరు పట్టుకుంటే పైతొక్క జారిపోయి లోపల సన్నటి దారం మిగిలింది. అమ్మ కోటలోని తులసి గింజలతో మొలిచిన మొక్క అది. ఆ రోజు అన్నం సహించలేదు.

లోపం తొట్టిలోని నీళ్లని మట్టిలోకి లాగే వత్తిలో ఉంది. వేసవిలో అది పీల్చిన నీళ్లు మొక్క తాగేస్తుంది. చలిలో మొక్క అంతగా తాగదు, వత్తి మాత్రం మట్టిని తడుపుతూనే ఉంటుంది, వేళ్లకి గాలి ఆడదు. నీటిమట్టం చూపే ఎర్ర పుల్లని నమ్ముకుంటే మట్టి సంగతి తెలియదు.

అమ్మ ఫోన్లో చెప్పింది: "పొద్దెక్కినాక వేలు ఒక కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడు. తడి తగిలితే పోయొద్దు. వెన్నులు వచ్చినవి వచ్చినట్టు తుంచెయ్."

ఈసారి తులసిని మట్టికుండీలో, మూడో వంతు ఇసుక కలిపి పెట్టాను. కుండీ గోడల్లోంచి కూడా తడి ఆరుతుంది. జనవరంతా నాలుగైదు రోజులకోసారే నీళ్లు. ఆకు చిన్నదే, కాండం మాత్రం గట్టిగా ఉంది.

అలాగని కొత్తవన్నీ పక్కన పెట్టలేదు. అమ్మది పెరటి ఇల్లు, ఎండకి కొదవలేదు. నాకు ఎల్‌ఈడీ దీపం తప్పదు. టైమర్ పెట్టి రోజుకి 14 గంటలు వెలిగిస్తున్నాను, కొత్త చిగుళ్లు దానివైపే వాలుతున్నాయి.

ఎండ బాగా తగిలే మేడ ఉన్నవాళ్లకి ఈ ఇబ్బంది రాకపోవచ్చు. తరచూ ఊళ్లు తిరిగేవాళ్లకి వేసవిలో ఈ కుండీ నిజంగా ఆదుకుంటుంది. మా పుదీనా ఇంకా అందులోనే ఉంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తొట్టి ఖాళీగా ఉంచి, పైనుంచి చెంబుతో పోస్తున్నాను.