మొదటి ఒక్క నిమిషం: 1-2-4-ఆల్‌తో ఆరేళ్ల వర్క్‌షాపులు

నేను ఒక మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. 2019 నుంచి నెలకో వర్క్‌షాప్ నడిపే బాధ్యత కూడా నాదే. అంతకుముందు మా దగ్గర వర్క్‌షాప్ అంటే ఒక సార్ ప్రొజెక్టర్ పక్కన నిలబడి గంటన్నర మాట్లాడేవారు. చివర్లో "డౌట్స్ ఏమైనా ఉన్నాయా?" అని అడిగేవారు. ఎవరికీ ఉండేవి కావు. సమోసా, టీ అయ్యాక ఎవరి షిఫ్టుకు వాళ్లు వెళ్లిపోయేవాళ్లు. డౌట్లన్నీ ఆ తర్వాత కంపెనీ బస్సులో బయటికొచ్చేవి. నేనూ అదే బస్సులో వెళ్లేదాన్ని కాబట్టి అన్నీ వినేదాన్ని.

ఆ బస్సు మాటలు హాల్లో వినపడేలా చేసింది 1-2-4-ఆల్ అనే పద్ధతి. హెన్రీ లిప్మనోవిచ్, కీత్ మెక్‌క్యాండ్లెస్ కలిసి 'లిబరేటింగ్ స్ట్రక్చర్స్' పేరుతో కూర్చిన 33 పద్ధతుల్లో ఇదొకటి. ముందుగా ఒక ప్రశ్న ఇస్తాం. ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఎవరికి వారు ఆలోచించి రాసుకోవాలి. తర్వాత రెండు నిమిషాలు ఇద్దరిద్దరుగా, నాలుగు నిమిషాలు నలుగురేసిగా మాట్లాడుకోవాలి. చివరి ఐదు నిమిషాల్లో ఒక్కో గుంపు తమకు ముఖ్యమనిపించిన ఒక్క సంగతి అందరికీ చెప్పాలి. మొత్తం 12 నిమిషాలు. లిప్మనోవిచ్ మెర్క్ అనే పెద్ద మందుల కంపెనీలో చాలాకాలం పనిచేసిన మనిషి. మందుల కంపెనీ మీటింగుల్లో మౌనం ఎలా ఉంటుందో ఆయన చూసే ఉంటారని నాకనిపిస్తుంది.

దీని ప్రాణమంతా ఆ మొదటి నిమిషంలోనే ఉంది. పెద్దవాళ్ల ముందు ఎదురు మాట్లాడకూడదని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పుతారు. మేనేజర్ ఒక మాట అనేశాక దానికి భిన్నంగా చెప్పడం ఆపరేటర్‌కు ఎంత కష్టమో నేను చూశాను. మేనేజర్ నోరు తెరవకముందే కాగితం మీద పడిపోయిన మాట మాత్రం వెనక్కి పోదు. అందుకే ఆ నిమిషాన్ని ఎవరైనా "అర్థమైంది కదా, ఇక మొదలుపెడదాం" అని కుదించబోతే నేను ఒప్పుకోను. ఇంకో రెండు నియమాలు నా సొంతం. ఒకటి, పై అధికారినీ ఆయన కింద పనిచేసే మనిషినీ ఒకే జతలో వేయను. రెండు, ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు రాయొచ్చు. తెలుగులో రాయొచ్చని చెప్పిన రోజు నుంచి చీటీల మీద పొడి మాటలు పోయి పూర్తి వాక్యాలు రావడం మొదలైంది. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లు ఒడియాలో రాసి, జతలో ఉన్న మనిషికి హిందీలో చెప్తారు.

ప్రశ్న సరిగా లేకపోతే మాత్రం ఏ పద్ధతీ పనిచేయదు. మొదట్లో నేను "ఉత్పాదకత పెంచడం ఎలా?" అని అడిగాను. వచ్చిన చీటీలన్నీ టీమ్ వర్క్, ట్రైనింగ్, కమ్యూనికేషన్. తర్వాతి నెల ప్రశ్న మార్చాను: "నిన్నటి షిఫ్టులో మీ పని ఎప్పుడు ఆగింది? దేనికోసం ఆగింది?"

ఆ రోజు ప్యాకింగ్ సెక్షన్ ఆపరేటర్ ఒకాయన రాసిన చీటీ నాకు అక్షరం అక్షరం గుర్తుంది. పదకొండేళ్ల సర్వీసు, మీటింగులో ఎప్పుడూ నోరు విప్పని మనిషి. "రెండు గంటలకు లైన్ రెడీగా ఉంటుంది. సంతకం పెట్టే మనిషి అప్పుడే షిఫ్టు మారుతుంటాడు." ఒక మందు ప్యాకింగ్ ముగించి ఇంకోటి మొదలుపెట్టే ముందు లైన్ క్లియరెన్స్ చేయాలి. పాత మందు లేబుల్ గానీ మాత్ర గానీ మిగల్లేదని క్వాలిటీ వాళ్లు చూసి సంతకం పెట్టాకే కొత్త బ్యాచ్ కదులుతుంది. ప్యాకింగ్ వాళ్లకీ, మా క్వాలిటీ వాళ్లకీ షిఫ్టు ఒకే సమయానికి మారేది. మా వాళ్లు చార్జి అప్పగించుకుంటుంటే అక్కడ లైను ఖాళీగా నిలబడేది. నలుగురి గుంపులో ఆ మాటకి ఇంకో ఇద్దరు "మాకూ అంతే" అన్నారు. అందరి ముందు దాన్ని చదివింది మాత్రం ఆయనే. మా విభాగం మాటే కావడంతో ముందు నాకు గుండె ఝల్లుమంది. కానీ ఆ నెలలోనే క్వాలిటీ షిఫ్టుని అరగంట ముందుకు జరిపాం. ఏళ్ల తరబడి కళ్లముందున్న సమస్య ఒక్క చీటీతో తేలింది.

ఇక సామాను సంగతి. స్టిక్కీ నోట్ కింది అంచు పట్టుకుని పైకి లాగితే చుట్టుకుపోయి, గోడ మీద నిలవదు. పక్క నుంచి లాగితే చదునుగా వస్తుంది. సున్నం గోడకు ఏ కంపెనీ నోటూ అంటుకోదు, పైన ఫ్యాను తిరుగుతుంటే అసలు ఆగదు. అందుకే మాస్కింగ్ టేపుతో గోడకు చార్టులు అంటించి, నోట్లు వాటి మీద పెట్టిస్తాను. రాయడానికి బాల్ పెన్ వద్దు, స్కెచ్ పెన్ ఇవ్వండి. మొద్దు మొన కాబట్టి చీటీకి ఒక్క విషయమే పడుతుంది, దూరం నుంచి కనిపిస్తుంది కూడా. మందుల కంపెనీల వాళ్లకు ఇంకో జాగ్రత్త: ప్రొడక్షన్‌లో విడి కాగితం మీద ఏది రాసినా ఆడిట్‌లో తప్పు పడుతుంది. నేను ట్రైనింగ్ హాల్లోనే చీటీలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకుంటాను.

లోపాలూ ఉన్నాయి. ఇరవై నాలుగు మందికి ఆరు గుంపులు అవుతాయి. ఐదు నిమిషాల్లో ఆరుగురు చెప్పడం జరిగే పని కాదు, నేను పన్నెండు ఇస్తాను. రెండు విభాగాల మధ్య తగువుంటే ఇది తీర్చదు. కొత్త ఎస్ఓపీ, అంటే ఒక పనిని ఏ వరసలో ఎలా చేయాలో రాసిపెట్టిన పద్ధతి, నేర్పాలంటే నేరుగా నేర్పడమే మేలు. 2020లో జూమ్‌లో చేసినప్పుడు చిన్న గదుల్లోకి వెళ్లి రావడానికే సమయమంతా పోయింది. అక్కడ పనికొచ్చింది చాట్ ఒక్కటే: అందరూ టైప్ చేసి ఉంచుకుని, నేను చెప్పాకే ఎంటర్ నొక్కాలి.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ తగిలింది రెండో ఏడాదిలో. వరుసగా మూడు వర్క్‌షాపుల్లో వచ్చిన మాటలు ఫైల్లోనే ఉండిపోయాయి. నాలుగోసారి ఒక చీటీ మీద "పోయినసారి కూడా ఇదే రాశాను మేడమ్" అని ఉంది. కింద పేరు లేదు. ఆ చీటీ ఇప్పటికీ నా డైరీలో ఉంది. ఆ రోజు హాల్లో సగం చీటీలు ఖాళీగా వచ్చాయి. వాళ్ల నమ్మకం తిరిగి రావడానికి ఏడాది పట్టింది.

ఇప్పుడు వర్క్‌షాప్ తేదీ వేయకముందే ప్లాంట్ హెడ్ దగ్గర ఒక మాట తీసుకుంటాను: వచ్చిన వాటిలో చేయగలిగినవి పది రోజుల్లో మొదలవ్వాలి, చేయలేనివి ఎందుకు చేయలేమో ఆయనే చెప్పాలి. మర్నాడు ఉదయానికి క్యాంటీన్ గోడ మీద పట్టిక పెడతాను. పని, ఎవరు, ఎప్పటికి, అంతే. ఈ నెల పట్టికలో ఏడు పనులున్నాయి. నాలుగిటికి టిక్కు పడింది. మిగతా మూడిటి సంగతేంటని నిన్న అన్నం ప్లేట్లు చేత్తో పట్టుకునే ఇద్దరు నన్ను ఆపి అడిగారు.