వాట్సాప్ వాయిస్‌లో కథలు: కరోనా నుంచి ఇప్పటిదాకా వాడిన అనుభవం

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ నడుమ పెట్టుకున్న మా కథల గ్రూపు ఇంకా నడుస్తోంది. అప్పట్లో పుట్టిన గ్రూపులు చాలావరకు గుడ్ మార్నింగ్ బొమ్మల దగ్గర ఆగిపోయాయి, మీదెట్లా నిలబడిందని అడుగుతున్నారు. అలాంటిది పెట్టుకోవాలనుకునే వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది హనుమకొండ. అప్పుడు గ్రంథాలయాలు మూతబడ్డాయి. 1904లో పుట్టిన మన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయానికి పోయి పుస్తకం తెచ్చుకునే దారి కూడా లేదు. టీవీ పెడితే కేసుల లెక్కలు. అందుకని ఎవరి నోటికొచ్చిన కథ వాళ్లు వాయిస్ మెసేజ్‌లో చెప్పుకోవడం మొదలుపెట్టాం. కొత్త యాప్ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. చదువు రాని అవ్వ కూడా మైకు నొక్కి చెప్పగలదు.

గ్రూపును నిలబెట్టింది మాత్రం ఒకే ఒక్క నియమం. కథ విన్నవాళ్లు "ఊ" అని వాయిస్ పెట్టాలి. బొటనవేలి బొమ్మ చెల్లదు. రిటైరైన ఒక టీచర్ తాత పెట్టిన నియమం ఇది. "ఊ కొట్టేటోళ్లు లేకుంటే కథ నడవదు బిడ్డా" అన్నాడాయన. ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కథ విన్నవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. కథకుడు ఒక మాట అంటే పక్కనున్న వంతవాళ్లు అందుకుంటేనే అది ముందుకు పోతుంది. మా "ఊ"లు కూడా అచ్చం ఆ వంతలాగే పనిచేశాయి.

దాని విలువ నాకు 2021 మేలో తెలిసింది. ఆ నెల 12 నుంచి తెలంగాణలో మళ్లీ లాక్‌డౌన్, పొద్దున ఆరు నుంచి పది దాకే సడలింపు. నాకు పాజిటివ్ వచ్చి మేడ మీది గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. అత్తమ్మ గిన్నె తలుపు దగ్గర పెట్టి, నేను తీసుకునేదాకా మెట్ల మీదే నిలబడేది. పగలు ఎట్లానో గడిచేది. రాత్రయితే ఆక్సిజన్ తగ్గుతుందేమోనని టెన్షన్, వేలికి ఆక్సీమీటర్ పెట్టి తీయడమే పని. ఒక రాత్రి గ్రూపులో సమ్మక్క కథ మొదలుపెట్టాను. 2020 ఫిబ్రవరిలో మేడారం జనంలో ఒరుసుకుంటూ నడిచినవాళ్లం కదా, అదే నోటికొచ్చింది. చెబుతుంటే దగ్గు. మధ్యలో ఆపేసేదాన్ని. అంతా పడుకున్నారనుకున్నాను. మస్కట్‌లో పనిచేసే జగిత్యాల తమ్ముడొకడు మాత్రం మేలుకునే ఉన్నాడు. మనకు పన్నెండైతే అక్కడ పదిన్నర. "అక్కా, నిమ్మళంగ చెప్పు, ఇంటున్న" అని పెట్టాడు. తర్వాత ప్రతి ముక్కకూ ఒక "ఊ". సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి కనుమరుగైన చోట నా గొంతు ఆగిపోతే, అక్కడి నుంచి కుంకుమ భరిణె దొరికేదాకా తనే చెప్పాడు. ఆ రాత్రి నేను నిద్రపోయాను. మందులు డాక్టరు ఇచ్చారు, జ్వరం వాటితోనే తగ్గింది. భయాన్ని తగ్గించింది మాత్రం ఆ పిల్లాడి గొంతే.

ఇంకో మంచి పని కూడా చేశాం. బెడ్లు, ఆక్సిజన్, ప్లాస్మా అడగడానికి వేరే గ్రూపు పెట్టి, కథల గ్రూపులోకి ఆ వార్తలు రానివ్వలేదు. కషాయాల చిట్కాలు, ఫార్వర్డ్‌లు కూడా బంద్. కఠినమనిపించినా, మనసు కుదుటపడే చోటు ఒక్కటైనా ఉండాలంటే ఇది తప్పదు.

వాడకం సంగతికొస్తే, వరసగా పెట్టిన వాయిస్‌లు ఒకదాని తర్వాత ఒకటి వాటంతటవే మోగడం పెద్ద సుఖం. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే కాల్ మాట్లాడినట్టు సన్నగా వినిపిస్తుంది కాబట్టి పక్కవాళ్ల నిద్ర చెడదు. 2021లో వేగం పెంచే బటన్ వచ్చింది. కథకు దాన్ని వాడకండి. ముసలమ్మ ఊపిరి తీసుకునే ఆ కాసేపు కూడా కథలో భాగమే. పాత కథ వెతకడం కష్టం కాబట్టి, కథ అయిపోగానే కింద పేరు, చెప్పినవాళ్ల ఊరు టైపు చేయాలి. కథలన్నీ ఫోన్‌లోనే చేరతాయి, చిన్న ఫోన్లు తొందరగా నిండుతాయి. మాలో ఒకరు నెలనెలా వాటిని కంప్యూటర్‌లో దాస్తున్నారు.

గ్రూపులో 2020లో 256 మందికే చోటు, ఇప్పుడు 1024 మందిని చేర్చొచ్చు. చేర్చకండి. నలభై దాటితే ఎవరో ఒకరు అంటారులే అని ఎవరూ "ఊ" అనరు.

రామప్ప గుడికి 2021 జూలై 25న యునెస్కో గుర్తింపు వచ్చిన రోజు మాత్రం గ్రూపు హోరెత్తింది. శిల్పి రామప్ప గురించి తలా ఒక కథ చెప్పారు. చరిత్ర చెప్పే సారు ఒకాయన ఓపిగ్గా అన్నీ విని, గుడి కట్టించింది రేచర్ల రుద్రుడని, శాసనంలో ఉన్న ఏడాది 1213 అని చివర్లో పెట్టారు. ఎవరి కథనూ కొట్టిపారేయలేదు. నాకు అది చాలా నచ్చింది.

ఇప్పుడు కథలు తగ్గాయి, ఆదివారం రాత్రులే వస్తున్నాయి. బతుకమ్మ రోజుల్లో మళ్లీ పెరుగుతాయి. కొత్తగా పెట్టుకునేవాళ్లు మొదటి కథ ఇంట్లో పెద్దవాళ్లతో చెప్పించండి. మైకు గుర్తును పైకి జరిపి లాక్ చేయడం ముందే నేర్పండి, లేకపోతే వేలు నొప్పెట్టి కథ సగంలోనే ఆపేస్తారు.