అకాడమీలో ఫిర్యాదు: అంతర్గత కమిటీకా, పోలీసులకా?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగువాళ్ల పిల్లలు చాలామంది క్రీడా అకాడమీలకు వెళ్తుంటారు. కోచ్ మీద లైంగిక వేధింపుల ఆరోపణ వస్తే నిర్వాహకులకు మొదట పట్టుకునేది పరువు టెన్షన్. ముందు ఆలోచించాల్సింది ఫిర్యాదు చేసినవారి గురించి.

ఖర్చు: వేధింపుల ఫిర్యాదులు విచారించే సంస్థ అంతర్గత కమిటీకి వెళ్లినా, పోలీసులకు వెళ్లినా ఫీజు లేదు.

సమయం: కమిటీ 90 రోజుల్లో విచారణ ముగించాలి. పోలీసు కేసు కోర్టుకెళ్తే ఏళ్లు పట్టొచ్చు.

శ్రమ: కమిటీకి 3 నెలల్లోపు రాసివ్వాలి, తగిన కారణముంటే మరో 3 నెలలు. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులో పిల్లల వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు. ఇది తెలియకే ఎందరో తల్లిదండ్రులు స్టేషన్ అంటే భయపడి వెనక్కి తగ్గుతారు.

రిస్కు: కమిటీలో కనీసం సగం మంది మహిళలు, బయటి సభ్యులొకరు ఉండాలని పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల 2013 చట్టం చెబుతుంది. స్టేడియాలు, క్రీడా సంస్థలు కూడా దాని కిందికే వస్తాయి. అయినా కూర్చున్నవాళ్లంతా కోచ్‌కి కావలసినవాళ్లే అయితే ఫిర్యాదు చేసిన అమ్మాయి నోరెలా విప్పుతుంది? పైగా కమిటీ ఉద్యోగం తీసేయమని సిఫార్సు చేయగలదు, అరెస్టు చేయలేదు.

18 నిండిన క్రీడాకారిణి అయితే ఎంపిక ఆమెదే. రెండు చోట్లా ఫిర్యాదు చేయవచ్చు. 18 లోపు పిల్లలైతే ఎంపికే లేదు. పోక్సో ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పని సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు. అదే రోజు ఆ కోచ్‌ని పిల్లలకు దూరంగా పెట్టాలి.