జలపాతం దగ్గర మోడల్ షూట్‌కి సర్క్యులర్ పోలరైజర్: రెండేళ్లు వాడాక నా మాట

అడవిలో జలపాతం పక్కన మోడల్‌ని నిలబెట్టి ఫొటోలు తీసినవాళ్లకి ఈ బాధ తెలిసే ఉంటుంది. అక్కడ ఉన్నప్పుడు చుట్టూ ముదురు పచ్చదనం, నల్లగా తడిసిన బండలు. తీరా ఫొటో తెరిచి చూస్తే ఆకుల మీద సున్నం చల్లినట్టు తెల్లటి మచ్చలు, బండ మీద ఆకాశం ముక్కలు ముక్కలుగా అంటుకుని ఉంటుంది. చూపు మోడల్ ముఖం మీద నిలవదు, ఆమె పాదాల పక్కనున్న తడిరాయి మీదికి పోతుంది. నేను చాలాకాలం దీన్ని కంప్యూటర్‌లో సరిచేయాలని చూశాను. హైలైట్స్ (ఫొటోలో బాగా తెల్లగా ఉన్న భాగాలు) తగ్గిస్తే ఆ తెలుపు బూడిదరంగులోకి మారుతుందే గానీ, దాని కిందున్న నాచు రంగు బయటికి రాదు. ఆ రంగును ముందే మెరుపు మింగేసింది. అందుకే పోలరైజర్ కొన్నాను, అంటే లెన్స్ ముందు బిగించి తిప్పుకునే, మెరుపుని ఆపే ఫిల్టర్.

నా దగ్గరున్నది 82 ఎంఎం సర్క్యులర్ పోలరైజర్. సన్నటి ఇత్తడి రింగు, అద్దానికి రెండువైపులా కోటింగ్. 24-70 లెన్స్‌కి నేరుగా, 77 ఎంఎం ముఖం ఉన్న 85 లెన్స్‌కి స్టెప్-అప్ రింగుతో (చిన్న లెన్స్‌కి పెద్ద ఫిల్టర్ పట్టేలా చేసే రింగు) బిగిస్తాను. దీనికి ముందు ఇంకోటి వాడాను. అది ప్రతి ఫొటోకీ పసుపు ఛాయ అంటించేది. అడవి నీడలో ఆకుల పచ్చదనం ఎలాగూ చర్మం మీద పడుతుంది, దానికి ఈ పసుపు కూడా తోడైతే మోడల్ జబ్బుపడి లేచినట్టు కనిపిస్తుంది. ఇప్పటి ఫిల్టర్‌తో ఆ గొడవ లేదు. ముఖం పక్కన గ్రే కార్డు (రంగులు సరిచూసుకోవడానికి వాడే బూడిదరంగు అట్ట) పెట్టి మొదట ఒక ఫ్రేమ్ తీసుకుంటే చాలు, వైట్ బ్యాలెన్స్ కుదిరిపోతుంది.

ఇది చేసే పని అర్థమైతే వాడటం చాలా తేలిక. మామూలు వెలుగు అన్ని దిక్కులా ఊగుతూ వస్తుంది. నీటి మీదో, తడి ఆకు మీదో తగిలి తిరిగొచ్చాక అందులో ఎక్కువ భాగం ఒకే దిక్కున ఊగుతుంది. ఫిల్టర్‌ని తిప్పి ఆ దిక్కుని మూసేస్తే మెరుపు పోయి, కింద ఉన్న అసలు రంగు కనిపిస్తుంది. 1808లో మాలస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, ఒక భవనం కిటికీ అద్దాల మీద పడిన ఎండని స్ఫటికంలోంచి చూస్తూ, దాన్ని తిప్పుతుంటే మెరుపు మారిపోవడం గమనించాడట. మనం రింగు తిప్పినప్పుడు చూసేదీ సరిగ్గా అదే. నీటి విషయంలో మన చూపు నీటిమట్టానికి దాదాపు 37 డిగ్రీల వాలులో ఉంటే పని బాగా జరుగుతుంది. అందుకే నేల మీద పడుకుని తీసినా, వంతెన మీంచి నిట్టనిలువుగా కిందికి తీసినా పెద్ద తేడా రాదు. గట్టు మీద నిలబడి, మోడల్ ముందున్న మడుగులోకి కాస్త వాలుగా చూడండి. అడుగున ఉన్న గులకరాళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.

ఇక్కడిదాకా ప్రకృతి ఫొటోలు తీసేవాళ్లందరూ చెప్పేదే. మోడల్ ఫ్రేమ్‌లోకి వచ్చాక కథ మారుతుంది. దాని గురించి ఎవరూ చెప్పకపోవడం వల్లే ఇది రాస్తున్నాను.

మొదటి షూట్‌లో బండలు నల్లగా అయ్యేదాకా ఫిల్టర్‌ని పూర్తిగా తిప్పాను. వెనుక అంతా అద్భుతంగా వచ్చింది. మోడల్ మాత్రం అట్టబొమ్మలా ఉంది. నుదురు, ముక్కు మీది గీత, భుజం పైభాగం, అన్నిట్లోనూ జీవం పోయింది. తుంపర్లకి ఆమె భుజం నిండా నీటి చుక్కలున్నాయి, ఎదురుగా నాకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఫొటోలో అవి చెమట మరకల్లా ఉన్నాయి. చర్మం బతికున్నట్టు కనిపించేది ఆ చిన్న మెరుపుతోనే. ఫిల్టర్‌కి రాయి మెరుపూ చర్మం మెరుపూ ఒకటే. రెండింటినీ కలిపి తుడిచేసింది.

ఇప్పుడు నేను చేసేది ఇది. ముందు బండల్ని చూస్తూ పూర్తిగా తిప్పుతాను. తర్వాత చూపుని భుజం మీది చుక్కలకి మార్చి, అవి మళ్లీ మెరిసేదాకా రింగుని మెల్లగా వెనక్కి తెస్తాను. మామూలుగా 30 డిగ్రీల దగ్గర ఆగుతుంది. అంత వెనక్కి తెస్తే ఆపిన మెరుపులో సుమారు నాలుగో వంతు మాత్రమే తిరిగొస్తుంది కాబట్టి బండలు మళ్లీ తెల్లబడవు, చర్మానికి మాత్రం ఆ కొంచెం చాలు.

రెండో ఉపాయం తెలుసుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. బండకీ నీటికీ వెలుగు పైనుంచి పడుతుంది. చెంప నిలువుగా ఉండే భాగం, దానికి వెలుగు పక్కనుంచి వస్తే తిరిగే మెరుపు ఊగే దిక్కు వేరుగా ఉంటుంది. అంటే రాయి మెరుపుని ఆపే స్థితిలోనే ఫిల్టర్ చెంప మెరుపుని లోపలికి వదులుతుంది. అందుకని మోడల్‌కి పక్కగా, ఆమె ముఖం ఎత్తులో తెల్ల రిఫ్లెక్టర్ (వెలుగుని తిప్పికొట్టే పలక) పట్టిస్తున్నాను. చెంప ఎముక మీద సన్నటి వెలుగు గీత నిలుస్తుంది, వెనుక బండలు నల్లగానే ఉంటాయి. ఆకుపచ్చ ఛాయ కూడా చాలావరకు విరుగుతుంది. రెండు రిఫ్లెక్టర్లుంటే తెల్లదే తీసుకెళ్లండి. బంగారు రంగుది ఆ పచ్చటి నీడలో అతికించినట్టు తెలిసిపోతుంది.

కెమెరాని అడ్డం నుంచి నిలువుకి తిప్పినప్పుడు ఫిల్టర్ కూడా దానితోపాటు పావు చుట్టు తిరుగుతుందని మర్చిపోకండి. అప్పుడు పని సరిగ్గా తలకిందులవుతుంది. రాళ్ల మెరుపు తిరిగొస్తుంది, చెంప మెరుపు పోతుంది. మంచి పోజు కుదిరిన తొందరలో కెమెరా నిలువుగా తిప్పి ఇరవై ఫ్రేములు తీశాక ఇది గమనించి ఏడుపొచ్చింది. ఇప్పుడు రాళ్ల మెరుపు పోయే స్థితిలో పైకి ఉండేలా రింగు అంచున తెల్ల నెయిల్ పాలిష్ చుక్క పెట్టాను. కెమెరా ఎటు తిప్పినా చుక్క పైకి వచ్చేలా రింగు సరిచేస్తాను. నా ఫిల్టర్ తయారుచేసినవాళ్లే ఈ గుర్తు పెట్టి ఇచ్చుంటే ఎంత బాగుండేది!

వెలుగు విషయంలో మాత్రం ఇది ఖరీదైన బేరమే. నా ఫిల్టర్ ఒకటిన్నర స్టాపుకి పైనే తినేస్తుంది (ఒక స్టాపు పోతే వెలుగు సగమైనట్టు). చెట్ల నీడలో ఎఫ్/2.8 ద్వారం, సెకనులో 250వ వంతు షట్టర్ దగ్గర ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 800తో సరిపోయేది, ఫిల్టర్ పెట్టగానే 2500కి వెళ్లింది. మోడల్ నడుస్తున్నా, జుట్టు ఎగరేస్తున్నా నేను ఫిల్టర్ తీసేస్తాను. నీటిని పాలధారలా తీయాలంటే మాత్రం ఇదే నష్టం లాభమవుతుంది. ట్రైపాడ్ మీద ఐఎస్ఓ 100, ఎఫ్/8, షట్టర్ అర సెకను, వెలుగు తగ్గించడానికి వేరే ఎన్‌డీ ఫిల్టర్ అక్కర్లేదు. మోడల్‌ని బండకి ఆనుకుని కూర్చోబెట్టి, ఆమె ఊపిరి వదిలేశాక నొక్కుతాను. అయినా పది ఫ్రేముల్లో మూడే ముఖం కదలకుండా వస్తాయి, ఎందుకంటే పడే నీళ్లు గాలిని కూడా తోస్తాయి, జుట్టు ఊరుకోదు. అందుకని ట్రైపాడ్ కదపకుండా, ఐఎస్ఓ పెంచి, వేగమైన షట్టర్‌తో ముఖం కోసం ఇంకో ఫ్రేమ్ తీసుకుని తర్వాత రెండూ కలుపుతాను.

లెన్స్ హుడ్ (లెన్స్ ముందు తొడిగే గొట్టం లాంటి తొడుగు) ఉంటే రింగుకి వేలు అందదు, ఇది నిజమైన ఇబ్బంది. హుడ్ తీసేస్తే తుంపర్లు నేరుగా అద్దం మీదికే వస్తాయి. కోటింగ్ మంచిదే, చుక్కలు గుండ్రంగా నిలబడి బ్లోయర్‌తో ఊదగానే జారిపోతాయి. అయినా జలపాతానికి దగ్గరగా ఉంటే కొద్ది నిమిషాలకోసారి గుడ్డతో తుడవాల్సిందే. పాత ఫిల్టర్ అల్యూమినియం రింగు ఒకసారి లెన్స్‌కి పట్టేసి, రబ్బరు బ్యాండు చుట్టి తిప్పితే గానీ రాలేదు. ఇత్తడి రింగుతో ఇప్పటిదాకా అలా జరగలేదు. లోహం మీద మెరుపు మాత్రం దీనికి లొంగదు. ఒకసారి మోడల్ వేసుకున్న వెండి రింగులు అలాగే తళతళలాడుతుంటే, వాటిని తీసి పక్కన పెట్టమన్నాను.

ఫిల్టర్ పెట్టుకుంటే చూపంతా రింగు మీదే ఉంటుంది, కాబట్టి ఒక జాగ్రత్త. మోడల్ నిలబడే రాయి మీద ముందు నేను చెప్పులు విప్పి నిలబడి చూస్తాను. నాచు ఎంత జారుతుందో కంటికి తెలియదు. నీళ్లు ఉన్నట్టుండి బురదరంగుకి తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా పైన వాన పడిందన్నమాట. షాట్ ఎంత బాగున్నా వదిలేసి ఇద్దరం గట్టెక్కేస్తాం. పొడి తువ్వాలు, వెచ్చని దుస్తులు నా బ్యాగులో ఫిల్టర్ కన్నా పైన ఉంటాయి.

మొన్నటి షూట్‌లో కాసేపు ఎండ చొరబడి, తుంపర్లలో మోడల్ తల వెనుక ఇంద్రధనుస్సు కట్టింది. కంగారులో చుక్కని అలవాటుగా పైకి తెచ్చేసరికి తలపైన ఉన్న రంగుల ముక్క మాయమైంది. ఇంద్రధనుస్సు వెలుగు కూడా ఒక దిక్కున ఊగేదే. "అక్కా, ఉందా పోయిందా?" అని ఆ అమ్మాయి కదలకుండానే అడిగింది. పావు చుట్టు తిప్పాను. రంగులు ఇంతకుముందు కన్నా చిక్కగా తిరిగొచ్చాయి. "ఉంది, అలాగే ఉండు" అన్నాను. బండలు తెల్లగా మెరుస్తున్నాయి, మెరవనీ అని నాలుగు ఫ్రేములు తీశాను.