యమహా ఎంజీ10ఎక్స్‌యూ: చానెళ్లు పది, కంప్యూటర్‌కి వెళ్లేవి రెండే

ఈ ఆడియో మిక్సర్ పేరులో పది ఉంది కదా అని కంప్యూటర్‌లో పది ట్రాకులు ఆశించకండి. యూఎస్‌బీలో బయటికెళ్లేది స్టీరియో మిక్స్ (అన్నీ కలిసిన ఎడమ, కుడి శబ్దం) ఒక్కటే, నాణ్యత 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ దాకా. గొంతు, గిటారు విడివిడిగా కావాలంటే ఒకదాని పాన్ (శబ్దాన్ని ఎడమ కుడిలకి జరిపే నాబ్) పూర్తిగా ఎడమకి, రెండోదాన్ని కుడికి తిప్పి, సాఫ్ట్‌వేర్‌లో రెండు మోనో ట్రాకులు పెట్టుకోవాలి.

నాలుగు మైక్ ప్రీయాంపులూ (మైక్ సిగ్నల్‌ని పెంచేవి) శుభ్రంగా ఉన్నాయి. ఈక్యూ (స్వరంలో బేస్, ట్రెబుల్ సర్దేది), కంప్రెసర్ (హెచ్చుతగ్గుల్ని సమం చేసేది) మాత్రం రికార్డింగ్‌తోపాటే అచ్చయిపోతాయి, తర్వాత తీసేయలేం; కాబట్టి కొంచెమే తిప్పండి. పీకులు, అంటే శబ్దం అత్యధికంగా లేచే చోట్లు, మైనస్ 12 డీబీ దగ్గర ఆగేలా గెయిన్ (ఇన్‌పుట్ స్థాయి) పెడితే చాలు.

ఎక్కువమంది తడబడేది 9/10 చానెల్ దగ్గర. కంప్యూటర్ నుంచి తిరిగొచ్చే శబ్దాన్ని స్టీరియో బస్సుకి (కంప్యూటర్‌కి వెళ్లే మెయిన్ మిక్స్ దారికి) పంపితే అది మళ్లీ రికార్డింగ్‌లోకి చేరి, చుట్టూ తిరిగి ఊళ పెడుతుంది. ఆ చానెల్ స్విచ్‌ని 'టు మాన్' (మానిటర్‌కి) వైపు ఉంచితే మానిటర్, హెడ్‌ఫోన్లకే పోతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌పుట్ మానిటరింగ్ (లోపలికొచ్చే శబ్దాన్ని తిరిగి వినిపించడం) కూడా ఆపేయండి, లేదంటే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది.